ఏకగ్రీవం వెనుక: వంశచరిత్ర సంఘాల ఎన్నికలు

"వంశవృక్షాల గొడవ మనకెందుకు?" ఈ వ్యాసం రాస్తున్నానని చెప్పినప్పుడు ఒక మిత్రుడు వేసిన ప్రశ్న ఇది. ప్రశ్నలో న్యాయం లేకపోలేదు. మన సాహిత్యంలో వంశచరిత్ర ఎవరికోసం పుట్టిందో తెలిసినవాడెవడైనా అలాగే అడుగుతాడు. ప్రబంధం తెరిస్తే అవతారికలో కృతిభర్త వంశవర్ణన. మనుచరిత్రలో కృష్ణదేవరాయల వంశం చంద్రుడి దగ్గర మొదలవుతుంది. చంద్రుడికీ తుళువ నరసనాయకుడికీ మధ్యనున్న ఖాళీని పూరించటానికి పురాణాలు వున్నాయి. పూరించిన కవికి అగ్రహారాలు వున్నాయి. ఆ రాజుగారి గుర్రాలకు గడ్డి కోసినవాడి తాత ఎవరో ఏ కవీ చెప్పలేదు. అడిగినవాడూ లేడు.

అయితే ఇది సగం నిజమే. మిగతా సగం మన పల్లెల్లోనే వుంది. కాపుల ఇళ్ల ముందు నిలబడి గోత్రాలూ ఇంటిపేర్లూ ఏకరువు పెట్టిన పిచ్చకుంట్లవాళ్లు, మాదిగవాడల్లో జాంబపురాణం చెప్పి ఆ కులం పుట్టుపూర్వోత్తరాలు నిలబెట్టిన డక్కలివాళ్లు వృత్తిరీత్యా వంశచరిత్రకారులే. పుస్తకంలోకి రానివ్వని చరిత్రను డక్కలివాడు నోట్లో దాచుకొన్నాడు. అంటే వంశచరిత్ర దానంతటది భూస్వామ్య వ్యవహారం కాదు. దాన్ని ఎవరు రాస్తున్నారు, ఎవరి ఖర్చుతో రాస్తున్నారు, ఎవరిది రాయాలో ఎవరు నిర్ణయిస్తున్నారు అన్నదాన్ని బట్టి దాని స్వభావం మారుతుంది.

ఈ మూడో ప్రశ్నే ఇక్కడ మనకు కావలసింది. రాజులూ జమీందార్లూ పోయిన చోట, వాళ్ల స్థానంలో సభ్యత్వ రుసుముతో నడిచే సంఘాలు వచ్చిన చోట, ఆ నిర్ణయం చేసేది ఎన్నికైన కార్యవర్గం. ఇటువంటి సంఘాలు బాగా పాతుకుపోయిన దేశం అమెరికా. 1845లో బోస్టన్‌లో న్యూ ఇంగ్లండ్ హిస్టారిక్ జెనియలాజికల్ సొసైటీ ఏర్పడింది. 1903లో వాషింగ్టన్‌లో నేషనల్ జెనియలాజికల్ సొసైటీ వచ్చింది. లండన్‌లో 1911లో సొసైటీ ఆఫ్ జెనియలాజిస్ట్స్ పుట్టింది. ఇవి పెద్దవి. వీటికింద రాష్ట్రాలవారీగా, జిల్లాలవారీగా, ఒక్కొక్క పట్నానికీ చిన్నచిన్న సంఘాలు లెక్కకు మిక్కిలిగా వున్నాయి. శ్మశానాల్లో రాళ్లమీది పేర్లు రాసుకోవటం, చర్చిల బాప్తిస్మ పుస్తకాలకు అకారాది సూచికలు తయారుచెయ్యటం, పాత జనాభా లెక్కలు చదవటం కొత్తవాళ్లకు నేర్పటం వీటి పని. ఇందులో ఎక్కువభాగం జీతం లేకుండా జరుగుతుంది. కార్యవర్గానికీ జీతం వుండదు.

వాళ్లు బోర్డు అనేదాన్ని మనం కార్యవర్గమంటాం, పాలకవర్గమనీ అంటాం. ఈ రెండో మాటను మధ్యలో ఖాళీ వదిలి రాస్తే అది అర్థశాస్త్రం మాట అయిపోతుంది. జీతం లేని ఒక చిన్న కమిటీకి అంత పెద్ద మాట అన్వయించటం అతిశయోక్తి అని పాఠకులు అనుకోవచ్చు. కాబట్టి ముందు ఆ కమిటీ చేతిలో ఏం వుంటుందో చూద్దాం.

సంఘానికి ఏటా వచ్చే డబ్బు కొంచెం. స్వచ్ఛందంగా పనిచేసే చేతులు మరీ కొంచెం. ఈ ఏడాది ఏ రికార్డుకు సూచిక తయారుచెయ్యాలి? పాత భూస్వాముల వీలునామాల పుస్తకానికా, పేదల ఆశ్రమం రిజిస్టరుకా? తెల్లవాళ్ల చర్చికా, పక్క వీధిలోని నల్లవాళ్ల చర్చికా? పత్రికలో ఎవరి వ్యాసం వెయ్యాలి? రుజువు అంటే కాగితమేనా, నాయనమ్మ చెప్పిన మాటకు విలువ వుందా? సమావేశం బుధవారం మధ్యాహ్నం పెట్టాలా, ఆదివారం సాయంత్రమా? సభ్యత్వ రుసుము ఎంత? ఇవన్నీ కార్యవర్గం తీర్మానాలే. ఒక్కొక్కటీ చిన్నదే. ఇరవై ఏళ్లు వరసగా ఒకేవైపు తీర్మానాలు జరిగితే ఆ ఊళ్లో కొందరికి పూర్వీకులు వుంటారు, కొందరికి వుండరు.

ఇది మాటవరసకు అన్నది కాదు. అమెరికాలో నల్లజాతివాళ్ల వంశచరిత్రకు 1870 ఒక గోడ అని చెబుతారు. 1850, 1860 జనాభా లెక్కల్లో బానిసలకు వేరే పట్టికలు వున్నాయి. వాటిలో యజమాని పేరు వుంటుంది. దానికింద బానిసల వయస్సు, ఆడో మగో, రంగు వుంటాయి. పేరు వుండదు. బానిసత్వం రద్దయ్యాక జరిగిన 1870 లెక్కల్లోనే ఆ ప్రజల్లో అత్యధికులు మొదటిసారి తమ పేర్లతో కనిపిస్తారు. ఆ గోడ దాటి వెనక్కి పోవాలంటే యజమాని కుటుంబం కాగితాలు వెతకాలి: ఆస్తి పంపకాలు, అమ్మకం పత్రాలు, అప్పుల లెక్కలు. ఆ కాగితాలు చాలాచోట్ల ఆ యజమానుల మునిమనవళ్ల ఇళ్లల్లో పెట్టెల్లో వుండేవి. ఆ మునిమనవళ్లే స్థానిక సంఘం సభ్యులు, కార్యదర్శులు, అధ్యక్షులు అయితే ఏం సూచికకు ఎక్కుతుందో, ఏం పెట్టెలోనే వుండిపోతుందో ఊహించటానికి సిద్ధాంతం అక్కర్లేదు.

నేషనల్ జెనియలాజికల్ సొసైటీలోనే 1960లో ఒక నల్లజాతి సభ్యుణ్ణి చేర్చుకొనే విషయమై తీవ్రమైన వివాదం చెలరేగింది. అప్పటికి సంఘం పుట్టి 57 ఏళ్లు. తన గతంలోని జాతివివక్షను ఒప్పుకొని సంఘం బహిరంగంగా క్షమాపణ చెప్పటానికి మరో అరవై ఏళ్లు పట్టింది. ఈలోగా నల్లజాతివాళ్లు ఊరికే కూర్చోలేదు. అలెక్స్ హేలీ 'రూట్స్' 1976లో వచ్చింది. 1977 జనవరిలో అది టెలివిజన్‌లో ప్రసారమై దేశాన్ని ఊపింది. (ఆ పుస్తకంలోని వంశక్రమం రుజువులకు నిలబడదని తర్వాత పరిశోధకులు గట్టిగానే వాదించారు. అది వేరే చర్చ.) అదే సంవత్సరం వాషింగ్టన్‌లో జాతీయ అభిలేఖాగారంలో పనిచేసిన జేమ్స్ డెంట్ వాకర్ ముందుండి ఆఫ్రో-అమెరికన్ హిస్టారికల్ అండ్ జెనియలాజికల్ సొసైటీ స్థాపించారు. వున్న సంఘాల్లో చోటు అడిగి అడిగి విసిగినవాళ్లు సొంత కార్యవర్గం ఎన్నుకొన్నారన్నమాట. ఫలితం కనిపించటానికి కాలం పట్టింది కాని కనిపించింది. బానిసత్వం రద్దయిన వెంటనే, 1865 నుంచి 1872 దాకా పనిచేసిన ఫ్రీడ్‌మెన్స్ బ్యూరో కాగితాల్లో ఆ ప్రజల పేర్లు, పెళ్లిళ్లు, కూలి ఒప్పందాలు వున్నాయి. వాటికి సూచిక తయారుచేసే పని 2015లో మొదలై మరుసటి ఏడాదికి పూర్తయింది. దాదాపు 18 లక్షల పేర్లు బయటపడ్డాయి. వేలాదిమంది స్వచ్ఛందంగా కూర్చుని ఎక్కించారు. ఆ కాగితాలు నూటయాభై ఏళ్లుగా అక్కడే వున్నాయి.

ఇంతకూ ఆ కార్యవర్గాన్ని ఎలా ఎన్నుకుంటారు?

నియమావళి చదివితే అంతా ప్రజాస్వామ్యమే. రుసుము కట్టిన ప్రతి సభ్యుడికీ ఓటు వుంటుంది. ఏడాదికోసారి సర్వసభ్య సమావేశం. అధ్యక్షుడు, ఉపాధ్యక్షుడు, కార్యదర్శి, కోశాధికారి, మరికొందరు సభ్యులు. పదవీకాలం రెండేళ్లో మూడేళ్లో. అందరూ ఒక్కసారే దిగిపోతే పని తెలిసినవాళ్లు మిగలరు కనక సాధారణంగా ఏటా కొన్ని స్థానాలకే ఎన్నిక జరుపుతారు. ఇంతవరకు పేచీ లేదు.

పేచీ ఓటు దగ్గర లేదు. ఓటుకు ముందు వుంది. ఎవరి పేర్లు ఓటుకు వస్తాయన్నది నిర్ణయించటానికి ఒక చిన్న ఉపసంఘం వుంటుంది. దాన్ని నామినేషన్ల కమిటీ అంటారు. ముగ్గురో అయిదుగురో వుంటారు. వాళ్లు తమలో తాము మాట్లాడుకొని, ఫోన్లు చేసి, ఒప్పుకొన్నవాళ్ల పేర్లతో ఒక జాబితా తయారుచేస్తారు. అయిదు స్థానాలుంటే జాబితాలో అయిదు పేర్లు. సమావేశంలో అధ్యక్షుడు జాబితా చదువుతాడు. "ఇంకెవరైనా పేర్లు ప్రతిపాదిస్తారా?" అని మూడుసార్లు అడుగుతాడు. హాలు నిశ్శబ్దంగా వుంటుంది. పోటీ లేదు కనక జాబితాలోనివారు ఎన్నికైనట్టు ప్రకటిస్తాడు. చప్పట్లు. టీ.

ఈ దృశ్యం చూడటానికి అమెరికా పోనక్కర్లేదు. మా వూరి గ్రంథాలయ సంఘం ఎన్నికలు నేను మూడుసార్లు చూశాను. మూడుసార్లూ ఎన్నిక జరగలేదు. జాబితా ముందురాత్రి ఒక పెద్దమనిషి అరుగుమీద తయారైంది. మర్నాడు మేం వెళ్లి చప్పట్లు కొట్టి వచ్చాం. మూడోసారి నేను కూడా జాబితాలో వున్నాను. అందువల్ల మొదటి రెండుసార్లు తోచిన అభ్యంతరం నాకు ఆ సారి తోచలేదు. మన భాషలో దీనికి చక్కని మాట వుంది: ఏకగ్రీవం. అందరికీ కలిపి ఒకటే మెడ. 2021లో ఆంధ్రప్రదేశ్ పంచాయతీ ఎన్నికలప్పుడు ఏకగ్రీవమైన పంచాయతీలకు జనాభాను బట్టి 5 లక్షల నుంచి 20 లక్షల దాకా ప్రోత్సాహకం ప్రకటించారు. పోటీ చెయ్యకపోవటానికి బహుమతి. వూళ్లో గొడవలు తగ్గుతాయని సమర్థన. పోటీ చెయ్యాలనుకొని కూడా చెయ్యలేకపోయినవాడు ఎవరో, అతని చేత ఎవరు మానిపించారో ఆ లెక్కలో రాదు.

ఇక్కడ ఒక విషయం చెప్పాలి. నామినేషన్ల కమిటీ దానంతటది తప్పు కాదు. అమెరికాలో సంఘాలన్నీ ప్రమాణంగా పెట్టుకొనే సభానియమాల పుస్తకం ఒకటుంది. హెన్రీ మార్టిన్ రాబర్ట్ అనే సైనిక ఇంజనీరు రాసి 1876లో అచ్చువేసినది. 1863లో న్యూ బెడ్‌ఫర్డ్ అనే వూళ్లో ఒక చర్చి సమావేశానికి ఆయన్ని అధ్యక్షత వహించమన్నారట. సభ ఎలా నడపాలో తెలియక అది రసాభాస అయింది. ఆ అవమానంలోంచి పుట్టిన పుస్తకం అది. అందులో ఏం వుందో చాలా సంఘాలవాళ్లకు తెలియదు. నామినేషన్ల కమిటీని అధ్యక్షుడు నియమించకూడదని, అందులో ఆయన వుండకూడదని ఆ సంప్రదాయం చెబుతుంది. కమిటీ స్థానానికి ఒక్క పేరే ఇవ్వాలన్న నిబంధన ఏదీ లేదు. కమిటీ నివేదిక ఇచ్చాక సభలోంచి పేర్లు అడిగి తీరాలి. నియమావళిలో రహస్య ఓటు అని వుంటే, ఒక్కడే అభ్యర్థి వున్నా రహస్య ఓటు జరపాలి. చప్పట్లతో సరిపెట్టకూడదు. లెక్కించినవాళ్లు ఎవరికి ఎన్ని ఓట్లు వచ్చాయో సభలో చదవాలి. అంటే నూటయాభై ఏళ్ల కిందటి ఒక సైనికాధికారి పుస్తకం పాటించినా సగం జబ్బు నయమవుతుంది. పాటించరు. అధ్యక్షుడే కమిటీని వేస్తాడు. కమిటీ అధ్యక్షుడి మిత్రులను వెతుకుతుంది. ఆ మిత్రుల్లోంచి వచ్చే ఏటి అధ్యక్షుడు వస్తాడు.

నామినేషన్ అనేది ఎంత గట్టి తలుపో చెప్పటానికి పక్కవీధి సంఘం ఒకదాన్ని చూడాలి. రుసుము కడితే చేర్చుకొనే వంశచరిత్ర సంఘాలు వేరు, రక్తసంబంధం రుజువు చేస్తేనే చేర్చుకొనే వంశీకుల సంఘాలు వేరు. రెండో రకంలో పేరుమోసినది 1890లో పుట్టిన డాటర్స్ ఆఫ్ ది అమెరికన్ రెవల్యూషన్. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో పాల్గొన్నవారి వంశంలో పుట్టిన స్త్రీలకే అందులో సభ్యత్వం. నల్లజాతి గాయని మేరియన్ ఆండర్సన్‌కు 1939లో తమ హాలు ఇవ్వనన్నది ఈ సంఘమే. 1980ల మొదట్లో వాషింగ్టన్‌లో లీనా ఫెర్గూసన్ అనే నల్లజాతి మహిళ తన పూర్వీకుడు ఆ యుద్ధంలో పాల్గొన్నాడని రుజువులు తెచ్చింది. రుజువుల్లో లోపం లేదు. అయితే స్థానిక శాఖలో చేరాలంటే అక్కడి సభ్యులు ఇద్దరు ప్రతిపాదించాలి. ఆ ఇద్దరే ఆమెకు దొరకలేదు. 1984లో విషయం పత్రికలకెక్కి, వ్యాజ్యం దాకా వస్తుందనుకొన్నాక సంఘం ఒప్పందానికి వచ్చింది. నియమావళిలో ఎక్కడా 'నల్లవాళ్లు రాకూడదు' అని రాయనక్కర్లేదు. 'ఇద్దరు ప్రతిపాదించాలి' అని రాస్తే చాలు. మన అగ్రహారంలో అద్దె ఇల్లు వెతుక్కున్నవాడికి ఈ పద్ధతి కొత్త కాదు.

ఇప్పుడు 'స్వచ్ఛందం' అన్న మాట దగ్గరకు వద్దాం. నాకు ఈ మాటమీద వున్న గౌరవం తక్కువేం కాదు. ఆదివారాలు ఎండలో శ్మశానంలో కూర్చుని అరిగిపోయిన అక్షరాలు చదివే మనిషికి ఎవరైనా నమస్కరించాలి. కాని జీతం లేని పదవి ఎవరు చెయ్యగలరు? నెలకో సమావేశం, మధ్యలో ఉపసంఘాలు, ఏటా ఒక మహాసభకు సొంత ఖర్చుతో ప్రయాణం. రెండు వుద్యోగాలు చేసుకొనే మనిషి, చిన్నపిల్లల తల్లి, గంటల లెక్కన కూలి తీసుకొనేవాడు పోలేరు. పింఛనుతో రిటైరైనవాళ్లు, ఇల్లు సొంతమైనవాళ్లు, భర్త సంపాదన వున్న స్త్రీలు పోగలరు. పెద్ద సంఘాల్లో ఇంకో మెట్టు వుంది: కార్యవర్గ సభ్యుడు ఏటా ఇంత విరాళం ఇవ్వాలి, లేదా ఇంకెవరి దగ్గరనుంచైనా తేవాలి అన్న అలిఖిత నియమం. కొన్నిచోట్ల రాసేవుంటుంది. డబ్బు తీసుకోని పదవి అనుకొన్నది నెమ్మదిగా డబ్బు ఇచ్చేవాడి పదవి అయిపోతుంది.

పన్ను మినహాయింపు పొందిన సంఘాలు అమెరికాలో ఏటా ప్రభుత్వానికి ఒక పత్రం దాఖలు చెయ్యాలి. దాని సంఖ్య 990. అందులో ప్రతి డైరెక్టరు పేరు, వారానికి సగటున ఎన్ని గంటలు పనిచేశాడు, ఎంత తీసుకొన్నాడు అని రాయాలి. ఎవరైనా చూడవచ్చు. ఏడాదికి 50 వేల డాలర్లకు మించని చిన్న సంఘాలు మాత్రం ఒక కార్డు ముక్కలాంటి ప్రకటనతో సరిపెట్టవచ్చు. పెద్ద పత్రంలోనైనా, చిన్నదానిలోనైనా 'మీ ఎన్నికలో ఎంతమంది పోటీ చేశారు?' అన్న ప్రశ్న లేదు. మనకు 1860 నాటి సంఘాల రిజిస్ట్రేషన్ చట్టం వుంది, ఆంధ్రప్రదేశ్‌లో 2001లో కొత్త చట్టం వచ్చింది. ఏడుగురు కలిస్తే సంఘం. ఏటా కార్యవర్గం పేర్ల జాబితా రిజిస్ట్రారుకు పంపాలి. రిజిస్ట్రారుకు కూడా కావలసింది పేర్లే.

పోటీ వుంటే అంతా బాగుపడుతుందా? పడదు. ఓటు పద్ధతిలోనే ఒక మోసం దాగివుంది. దాన్ని లెక్కతో చూపటం మేలు. ఒక సంఘంలో 100 మంది ఓటర్లు, 5 స్థానాలు అనుకొందాం. ప్రతి ఓటరుకూ 5 ఓట్లు. 55 మంది పాతకాపులు ఒకవైపు, 45 మంది కొత్తవాళ్లు ఒకవైపు. పాతకాపుల అయిదుగురికీ తలా 55 ఓట్లు వస్తాయి. కొత్తవాళ్ల అయిదుగురికీ తలా 45. అయిదు స్థానాలూ పాతవాళ్లవే. దాదాపు సగంమంది సభ్యులకు కార్యవర్గంలో ఒక్క మనిషి లేడు. ఎన్నిక సక్రమంగా జరిగింది, ఓట్లు సక్రమంగా లెక్కించారు. దీనికి మందు తెలియనిదేం కాదు. మన ఎమ్మెల్యేలు రాజ్యసభకు ఎన్నుకొనేటప్పుడు వాడే పద్ధతి, ఒకే ఓటును ప్రాధాన్యక్రమంలో బదలాయించటం, ఇక్కడా వాడవచ్చు. ఆ లెక్క ప్రకారం గెలవటానికి 17 ఓట్లు చాలు. 55 మందికి మూడు స్థానాలు, 45 మందికి రెండు వస్తాయి. ఆ ఇద్దరూ ప్రతి సమావేశంలో ఓడిపోవచ్చు. కాని వాళ్ల అభ్యంతరం మినిట్స్ పుస్తకంలోకి ఎక్కుతుంది, లెక్కల పుస్తకం వాళ్లు అడిగి చూడవచ్చు. గదిలో లేనివాడికి ఈ రెండూ లేవు.

అవతలివాళ్ల వాదన కూడా వినాలి. చిన్న సంఘాల కార్యదర్శులు చెప్పేది ఇది: "పోటీ ఎక్కడ బాబూ, ఒక్కొక్కణ్ణి బతిమాలి నిలబెడుతున్నాం. ఇద్దర్ని నిలబెట్టి ఒకణ్ణి ఓడిస్తే ఓడినవాడు మళ్లీ గడప తొక్కడు." ఇందులో అబద్ధం లేదు. నలభైమంది సభ్యులున్న సంఘంలో ఓటమి సొంత అవమానం లాగే వుంటుంది. అయితే బతిమాలుతున్నది ఎవర్నన్నదే నా ప్రశ్న. తమకు తెలిసినవాళ్లనే బతిమాలుతారు. ఒప్పుకొన్నవాడు వాళ్లలాంటివాడే. మనుషులు లేరన్న మాటకు అర్థం మా చుట్టాల్లో మనుషులు అయిపోయారని. సమావేశం సాయంత్రానికి మార్చి, బస్సుచార్జీ సంఘం నిధుల్లోంచి ఇచ్చి, ఏడాదిపాటు ఓటు లేకుండా కూర్చుని పని నేర్చుకొనే అవకాశం ఇస్తే కొత్త మొహాలు కనబడతాయి. వరసగా రెండు విడతలకు మించి ఒకే పదవిలో వుండకూడదన్న నియమం పెడితే పాతవాళ్లు కొత్తవాళ్లకోసం నిజంగా వెతకటం మొదలుపెడతారు. నామినేషన్ల కమిటీని సభ్యులే ఎన్నుకోవాలి. పోటీలో వున్నవాళ్లు ఓట్లు లెక్కించకూడదు. దూరంగా వున్నవాళ్లకు తపాలా ఓటు వుండాలి. ఇవేవీ విప్లవాలు కావు. ఒక తీర్మానంతో జరిగే పనులు.

మనకు ఈ సంగతులతో సంబంధం ఏమిటని ఇంకా అడిగేవారికోసం దక్షిణాఫ్రికా మాట చెప్పాలి. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి 342 మందితో ట్రూరో అనే ఓడ డర్బన్ చేరింది. అప్పటినుంచి 1911 దాకా లక్షా యాభైరెండు వేలకు పైగా కూలీలను ఒప్పందాలమీద నేటాల్ చెరకుతోటలకు చేర్చారు. వాళ్లలో విశాఖపట్నం, గోదావరి, చిత్తూరు ప్రాంతాల తెలుగువాళ్లు చాలామంది. ఓడ జాబితాలో ప్రతి మనిషికీ ఒక అంకె వుంది. దానిపక్కన పేరు, తండ్రి పేరు, వయస్సు, కులం, జిల్లా, వూరు వుంటాయి. బానిసల పట్టికలకన్నా ఇది నయమే, పేరు వుంది. కాని చాలామంది అసలు ఇంటిపేరు కాగితానికెక్కలేదు. నాయుడు అన్న మాట అక్కడ ఇంటిపేరై స్థిరపడింది. వూళ్ల పేర్లు దొర చెవికి వినిపించినట్టు రాసుకొన్నారు. 1931లో అక్కడి తెలుగువాళ్లు ఆంధ్ర మహాసభ పెట్టుకొన్నారు. ముత్తాత ఓడ అంకె తెలిసిన మనవరాలు ఇవాళ ఆ జాబితా పట్టుకొని వూరు వెతుకుతూ మన జిల్లాలకు వస్తోంది. ఆమె వెతుకుతున్నది చంద్రవంశంకోసం కాదు.

ఆ జాబితాలో వూరి పేరు తప్పు పడితే దాన్ని సరిచెయ్యటానికి తెలుగు తెలిసినవాళ్లు కూర్చోవాలి. వాళ్లను కూర్చోబెట్టాలా వద్దా, కులం అన్న గడిని అచ్చులో వెయ్యాలా వద్దా, సూచిక డబ్బుకు అమ్మాలా వూరికే చూడనివ్వాలా అన్నవి ఏదో ఒక కార్యవర్గం ముందుకు వస్తాయి. అందువల్ల నిలబడినవాణ్ణి ఓటుకు ముందే సభ్యులు అడగవలసినవి వున్నాయి. మామూలుగా అభ్యర్థి తన తాతల గొప్ప, ఎన్నేళ్లుగా సభ్యుణ్ణన్నది రెండు పేరాల్లో రాసి అచ్చువేయిస్తాడు. అది వద్దనాలి. ఈ ఏడాది ఏ రికార్డు మొదలుపెడతావు, ఎవరి పేర్లు అందులో వున్నాయి, దానికి ఎంత డబ్బు కేటాయిస్తావు, నువ్వు కాకుండా ఇంకెవరు ఆ పని చేస్తారు, వాళ్లు ఏ వీధిలో వుంటారు అని అడగాలి. జవాబులు కాగితంమీద రాయించుకొని మినిట్స్ పుస్తకంలో అతికించాలి. మరుసటి ఏడాది జాబితా చదివేముందు ఆ పేజీ చదవాలి.